పీఐడీయా, స్లైడింగ్ మోడా? ముందు వాల్వ్ సంగతి చూడండి

ప్రాజెక్టుల సీజన్ వచ్చిందంటే విజయవాడ, గుంటూరు కాలేజీల పిల్లలు నన్ను అడిగేది ఒకటే: "సార్, ఏబీఎస్‌కి పీఐడీ పెట్టమంటారా, స్లైడింగ్ మోడ్ పెట్టమంటారా?" బ్రేకు వేసినప్పుడు చక్రం పట్టేయకుండా చూసేది ఏబీఎస్, దాన్ని నడిపే కంట్రోలర్ పద్ధతులు ఈ రెండూ. పీఐడీ తప్పు ఎంతుందో, ఎంతగా పేరుకుందో, ఎంత వేగంగా మారుతోందో చూసి సరిచేస్తుంది. స్లైడింగ్ మోడ్ గీతకి అటుంటే ఇటు, ఇటుంటే అటు మీట తిప్పేస్తూ పోతుంది. కారు హైడ్రాలిక్ (ఆయిల్) బ్రేకుకైతే రెండూ నడుస్తాయి. అసలు తేడా తెలిసేది లారీ ఎయిర్ బ్రేకు దగ్గర.

సిమ్యులేషన్‌లో అందమైన గ్రాఫ్ స్లైడింగ్ మోడ్‌దే. రోడ్డు పొడిగా ఉన్నా తడిసినా స్లిప్ (బండి వేగంతో పోలిస్తే చక్రం ఎంత వెనకబడిందో చెప్పే అంకె) 0.2 దగ్గర గీత గీసినట్టు నిలబడుతుంది. పీఐడీకి ఆ సుగుణం లేదు. పైగా బండి వేగం తగ్గేకొద్దీ స్లిప్ చురుకెక్కుతుంది కాబట్టి, 80 కిలోమీటర్ల దగ్గర కుదిర్చిన గెయిన్లతో (తప్పుకి ఎంత గట్టిగా స్పందించాలో చెప్పే అంకెలు) 20 దగ్గర ఊగిసలాట మొదలవుతుంది. వేగాన్ని బట్టి గెయిన్ మారిస్తే సర్దుకుంటుంది.

ఇంతవరకు చూసి చాలామంది స్లైడింగ్ మోడే మేలని రాసేసి రిపోర్టు బైండింగ్‌కి ఇచ్చేస్తారు. మీ మోడల్లో వాల్వ్ ఏదమ్మా అంటే మాట్లాడరు. ఒకసారి ఆటోనగర్ వెళ్ళి లారీ కింద తొంగి చూడండి. పెడల్ సంకేతం అందుకుని ట్యాంకు గాలిని బ్రేకులకి వదిలే రిలే వాల్వ్‌ని వెనక యాక్సిల్ దగ్గర పెట్టింది ఎందుకు? పెడల్ నుంచి అంత పొడుగు పైపు నిండేసరికి ఆలస్యమవుతుందని. ఆయిల్ కాదు కదా, గాలి నొక్కుకుపోతుంది. అమెరికా ప్రమాణం కూడా లారీ బ్రేక్ చాంబర్‌లో 60 పీఎస్ఐ ఒత్తిడి రావడానికి 0.45 సెకన్ల గడువిచ్చింది. ఏబీఎస్ సోలినాయిడ్లు (కరెంటుతో నడిచే వాల్వులు) అంతకంటే చురుకే గానీ, వాటికి తెరుచుకోవడం, మూసుకోవడం తప్ప సగం తెరవడం తెలియదు.

మోడల్లో కొంచెం డెడ్ టైమ్ (ఆదేశానికీ స్పందనకీ మధ్య ఆలస్యం) కలపండి, ఆ నున్నటి గీత రంపప్పళ్ళవుతుంది. వదిలిన ప్రతిసారీ 'తుస్'మని గాలి బయటికే పోతుంది, ట్యాంకు ఖాళీ అవుతుంది. గీతకి అటూ ఇటూ మెత్తగా మారే పట్టీ, అంటే బౌండరీ లేయర్ పెడితే చాటరింగ్ (ఆ అటూ ఇటూ కొట్టుకోవడం) తగ్గుతుంది, నిజమే. కానీ ఆ లేయర్ లోపల అది ఎక్కువ గెయిన్ ఉన్న ప్రపోర్షనల్ కంట్రోలర్‌లాగే (తప్పు ఎంతుంటే అంతకు తగ్గట్టు సరిచేసేది) నడుస్తుంది. దానికి అంత గణితం ఎందుకో!

ఆన్-ఆఫ్ సోలినాయిడ్లకు నా ఓటు పాత పద్ధతికే: పెంచు, పట్టి ఉంచు, వదులు. వైవాలో గొప్పగా వినబడదు, నాకు తెలుసు. కావలసినంత మేరకే తెరుచుకునే ప్రపోర్షనల్ వాల్వ్ ఉంటే వేగంతో గెయిన్ మారే పీఐ (డీ లేని పీఐడీ) చాలు, యాంటీ విండప్ (వాల్వ్ హద్దు చేరాక తప్పు పేరుకుపోకుండా ఆపేది) మరవకండి. ఫ్యాక్టరీ న్యూమాటిక్ వాల్వ్ కథ వేరు. స్టెమ్ (వాల్వ్ కడ్డీ) పట్టేస్తుంటే ఇంటిగ్రల్ (తప్పుని కూడబెట్టే ఐ భాగం) వల్లే హంటింగ్, అంటే ఆగని ఊగిసలాట మొదలవుతుంది.

ఫజీ ("ఇలా ఉంటే అలా చెయ్యి" అనే రూల్స్‌తో నడిచే కంట్రోలర్) కూడా పనిచేస్తుంది, రూల్స్ టేబుల్ నింపే ఓపిక ఉంటే.

ఏది ఎంచుకున్నా లోడుతో ఒకసారి, ఖాళీ బండితో ఒకసారి రన్ చేయండి. స్లిప్ గ్రాఫ్ కింద ట్యాంకు ప్రెషర్ కూడా గీయండి. నేను ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా వస్తే ముందు అడిగేది అదే.