తిరుపతి యాత్ర: మూత్రం ఆపుకోలేనివాళ్లకి ఎక్కడ సులువు, ఎక్కడ కష్టం

తిరుపతి నుంచి వచ్చినవాళ్లని దర్శనానికి ఎంతసేపు పట్టింది, గది దొరికిందా, లడ్డూలు ఎన్ని ఇచ్చారు అని అందరూ అడుగుతారు. నలభై ఐదు దాటిన ఆడవాళ్లం చెవిలో అడుగుకునేది వేరే ఉంది: "లైన్లో బాత్రూమ్ ఉంటుందా?" నాకు దగ్గినా, తుమ్మినా, బరువెత్తినా చుక్కలు పడతాయి. మా వదినకి వస్తోందనిపిస్తే రెండు నిమిషాలు కూడా ఆగదు. కాన్పులు, నెలసరి ఆగిపోవడం, ఏళ్ల తరబడి మలబద్ధకం, ఇవన్నీ కలిసి మూత్రాశయాన్ని మోసే కటి కండరాలను వదులు చేస్తాయని మా డాక్టరమ్మ చెప్పింది. అందుకే ఈసారి ప్రతి చోటూ ఆ కంటితోనే చూశాం.

రైల్వే స్టేషన్ దగ్గర ఒక ప్రైవేటు లాడ్జిలో దిగాం. ఫొటోల్లో ఏసీ, టీవీ బాగానే ఉన్నాయి. బాత్రూమ్‌కి మాత్రం రెండు మెట్లు దిగాలి, నేల ఎప్పుడూ తడే, లైటు స్విచ్ తలుపు వెనకాల. రాత్రి రెండు మూడుసార్లు లేచేవాళ్లు అక్కడ కాలు విరగ్గొట్టుకోవడం ఖాయం. స్టేషన్ ఎదురుగా ఉన్న విష్ణునివాసం, బస్టాండు దగ్గరి శ్రీనివాసం దేవస్థానంవి. అక్కడ గది కావాలంటే ముందుగా ఆన్‌లైన్‌లో చూసుకోవాలి. ఎక్కడ దిగినా తాళంచెవి తీసుకునేముందే ఒకసారి బాత్రూమ్ తలుపు తెరిచి చూడండి. సిగ్గుపడాల్సిందేమీ లేదు, డబ్బులిచ్చేది మనమే.

కొండకి నడిచి వెళ్లాలనుకుంటే నా ఓటు అలిపిరికే. సుమారు 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్ల దారి. దూరం ఎక్కువే, కానీ మధ్యలో టాయిలెట్లు, కూర్చునే షెడ్లు, కొట్లు ఉన్నాయి. శ్రీవారి మెట్టు రెండు కిలోమీటర్ల పైచిలుకే అయినా నిటారుగా ఉంటుంది, ఎగశ్వాస వస్తుంది. ఎక్కేటప్పుడు నాకు పెద్ద ఇబ్బంది రాలేదు. దిగేటప్పుడే ప్రతి అడుగుకీ కింద బరువు పడుతుంది కాబట్టి బస్సులో దిగాం. ఘాట్ రోడ్డులో బస్సు మధ్యలో ఆపరు, ఎక్కేముందే వెళ్లి రావాలి.

అసలు టెన్షన్ క్యూలోనే. మేం 300 రూపాయల టికెట్ మీద వెళ్లాం. దర్శనానికి ముందు ఆపి ఉంచే వైకుంఠం కంపార్ట్‌మెంట్లలో కూర్చోబెట్టినంతసేపూ భయం లేదు, టాయిలెట్లు అక్కడే ఉన్నాయి. గేటు తీశాక గుడి దాకా కదిలే లైను ఉంది చూశారూ, అదీ గండం. వెనక్కి రాలేం, పక్కకి పోలేం. అందుకని గేటు తీయకముందే వెళ్లి, అయిపోయిందనుకున్నాక లేచి నిలబడి, మళ్లీ కూర్చుని కాస్త ముందుకు వంగితే మిగిలింది కూడా పోతుంది.

అలా వెళ్లొచ్చినా వదినకి సరిగ్గా జనం పరుగందుకున్నప్పుడే వచ్చింది. ముఖం మాడిపోయింది. "వదినా, ఉరకొద్దు. పక్కనున్న కమ్మీ పట్టుకుని నిలబడు, బిగించి వదులు" అన్నాను. వెనకావిడ "ఏందమ్మా, నిలబడిపోయినావు, జరుగు!" అని అరుస్తూనే ఉంది. వదిన కళ్లు మూసుకుని కింద కండరాలను టకటకా ఐదారుసార్లు బిగించింది. ఒక నిమిషంలో ఆ ఉధృతి తగ్గింది, మామూలుగా నడిచింది. ఫిజియోథెరపిస్టు నేర్పిన కిటుకే ఇది: పరుగు తీస్తే మూత్రాశయం ఇంకా గింజుకుంటుంది, నిలబడి బిగిస్తే సద్దుమణుగుతుంది. నాలాంటివాళ్లు దగ్గు వచ్చేముందే బిగించాలి.

వదిన పొద్దున్నుంచీ నీళ్లు తాగలేదని తర్వాత తెలిసింది. మన ఆడవాళ్లందరం చేసేదే. నీళ్లు మానేస్తే మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని ఇంకా రేపుతుంది, మలబద్ధకం కూడా తోడవుతుంది. గుక్కెడు గుక్కెడుగా తాగుతూ ఉండాలి. మానాల్సింది క్యూకి ముందు కాఫీ, టీ.

బట్టల సంగతి. సంప్రదాయ దుస్తులు తప్పనిసరి. చుడీదార్ నాడా ముడి అవసరానికి ఊడి రాదు, ఎలాస్టిక్ ఉన్నది వేసుకోండి, లేదంటే చీరే మేలు. నెలసరి ప్యాడ్లు మూత్రాన్ని అంత వేగంగా పీల్చవు. దానికోసమే చేసినవి మెడికల్ షాపుల్లో దొరుకుతాయి. ఒకటి రెండు చిన్న గుడ్డసంచిలో పెట్టుకుంటే చాలు. ఇది మైల అని దర్శనం మానుకునేవాళ్లూ ఉన్నారు. దగ్గు మైలయితే ఇదీ మైలే.

ఈ కింద కండరాలు బిగించే వ్యాయామం మాత్రం ప్రయాణానికి వారం ముందు మొదలుపెడితే లాభం లేదు. రోజుకి మూడు విడతలు, విడతకి ఎనిమిది నుంచి పన్నెండుసార్లు బిగించి వదులుతూ ఉంటే మూడు నెలలకి తేడా తెలుస్తుంది. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడం అలవాటు చేసుకోకూడదు. మంట, జ్వరం, రక్తం, కిందికి ఏదో జారుతున్నట్టు ఉండటం, వీటిలో ఏది ఉన్నా ముందు డాక్టరు దగ్గరికే వెళ్లాలి. తిరుపతిలోనే స్విమ్స్ ఆసుపత్రిలో యూరాలజీ (మూత్ర సమస్యల) విభాగం ఉంది.

తిరుచానూరు ఊరికి దగ్గరే, ఆటోలో వెళ్లి వచ్చేశాం, చెప్పుకోదగ్గ కష్టమేమీ లేదు. కాణిపాకం వచ్చేసారికి పెట్టుకున్నాం. సుమారు 70 కిలోమీటర్లు కాబట్టి బస్సు వద్దు, కారు మాట్లాడు, అడిగినచోట ఆపుతాడు అని వదిన ఇప్పటినుంచే పట్టుబడుతోంది.