ఆంట్‌వర్ప్ వజ్రాల వీధుల్లో: ఏం చూడాలి, ఎక్కడ ఉండాలి, ఎవరి మాట నమ్మాలి

బెల్జియం వెళ్లే మనవాళ్లలో ఎక్కువమంది బ్రస్సెల్స్‌లో దిగి, ఆంట్‌వర్ప్‌కు ఒక పూట కేటాయిస్తారు. స్టేషన్ ముందు ఫోటోలు, పెద్ద చర్చిలో రూబెన్స్ చిత్రాలు, చాక్లెట్లు, మళ్లీ రైలు. స్టేషన్‌ను ఆనుకునే ఉన్న వజ్రాల వీధులను ‘అక్కడేముంది, షాపులేగా’ అని వదిలేస్తారు. నేను వెళ్లిందే ఆ వీధుల కోసం. 2003లో అక్కడ జరిగిన దొంగతనం గురించి చదివినప్పటి నుంచి ఆ చోటు చూడాలని ఉండేది. పైగా మాది కృష్ణ ఒడ్డు. కొల్లూరు గనుల కథలు వింటూ పెరిగినవాళ్లకి, ఆ రాళ్లు ఏ చేతులు మారి ఎక్కడిదాకా వెళ్లాయో తెలుసుకోవాలన్న ఆరాటం ఉంటుంది.

స్టేషన్ గురించి రెండు మాటలు. 1905లో కట్టిన ఆ రాతి గుమ్మటం కింద ఒక పావుగంటైనా నిలబడాలి. రైళ్లు మూడు అంతస్తుల్లో ఆగుతాయి కాబట్టి తిరుగు ప్రయాణంలో ప్లాట్‌ఫారం ఏ అంతస్తులో ఉందో ముందే చూసుకోండి. లగేజీ లాకర్లు ఉన్నాయి. కింద ట్రామ్ స్టేషన్ పేరే ‘డియమాంట్’.

అక్కడి నుంచి ఐదు నిమిషాలు నడిస్తే హోవెనియర్స్‌స్ట్రాట్, స్హుప్‌స్ట్రాట్, రైఫ్‌స్ట్రాట్ అనే మూడు పొట్టి వీధులు వస్తాయి. మొదటిసారి చూసినవాళ్లకి నిరాశ కలగొచ్చు. బూడిద రంగు ఆఫీసు బిల్డింగులు, బ్యాంకులు, కొరియర్ ఆఫీసులు, ప్రతి మూలా కెమెరాలు. బండ్లు రాకుండా నేలలోంచి లేచే ఇనుప స్తంభాలు. ఈ కట్టుదిట్టం కేవలం వజ్రాల కోసం వచ్చింది కాదు. 1981 అక్టోబర్ 20న హోవెనియర్స్‌స్ట్రాట్‌లోని సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) ఎదుట బాంబు పెట్టిన ట్రక్కు పేలింది. ముగ్గురు చనిపోయారు, వందమందికి పైగా గాయపడ్డారు. ఆ సినగాగ్ ఇప్పటికీ ఆఫీసుల మధ్యే ఉంది. అది తెలిసి నడిస్తే, పోలీసు మిమ్మల్ని ఒకసారి ఎగాదిగా చూసినా కోపం రాదు. ఫోటోలు తీయాలనిపిస్తే వీధినే తీయండి, మనుషుల ముఖాలు వద్దు.

స్హుప్‌స్ట్రాట్‌లోనే డైమండ్ సెంటర్ బిల్డింగ్. 2003 ఫిబ్రవరి 15, 16 తేదీల వారాంతంలో, దాని నేలమాళిగలో రెండంతస్తుల కింద ఉన్న ఖజానాను దొంగలు ఖాళీ చేశారు. పది కోట్ల డాలర్లకు పైనే విలువైన వజ్రాలు, బంగారం, నగలు పోయాయి. వందకు పైగా లాకర్లు పగలగొట్టారు. శరీర వేడిని, కదలికను, వెలుతురును పసిగట్టే సెన్సార్లున్నాయి. తలుపుకి అయస్కాంతపు అలారం ఉంది. తాళం నంబరు పది కోట్ల కలయికల్లో ఏదైనా కావచ్చు. ఇన్ని ఉన్నా అలారం ఒక్కటీ మోగలేదు. సోమవారం పొద్దున వచ్చి చూస్తే తలుపు తెరిచి ఉంది, నేలంతా ఖాళీ డబ్బాలు.

ముఠా నాయకుడు లియొనార్డో నోటర్‌బార్తొలో, ఇటలీలోని టూరిన్ నుంచి వచ్చినవాడు. రెండేళ్లకు పైగా అదే బిల్డింగ్‌లో వజ్రాల వ్యాపారిగా ఆఫీసు అద్దెకు తీసుకుని, రోజూ వాచ్‌మన్‌ను పలకరిస్తూ, ఖజానాలో తన లాకర్‌కి వెళ్లి వస్తూ ఉన్నాడు. అలా వెళ్లిన ఒక రోజు వేడి సెన్సార్ మీద హెయిర్ స్ప్రే కొట్టి దాని చూపు మందగించేలా చేశారని పరిశోధకులు చెప్పారు. అయస్కాంతపు పలకలను విడదీయకుండానే, రెండింటినీ కలిపి స్క్రూలతో సహా ఊడదీసి పక్కకి జరిపారు.

ఇంత ఓపికగా చేసిన పని చెత్త దగ్గర తేలిపోయింది. బ్రస్సెల్స్ వైపు వెళ్లే ‘E19’ హైవే పక్కన అడవిలో చెత్త సంచులు పడేసి వెళ్లారు. ఆ నేల మీద వేటాడుకునే ఒక రిటైరైన కిరాణా వ్యాపారికి తన చోట చెత్త వేసేవాళ్లంటే మంట. పోలీసులకు ఫోన్ చేశాడు. సంచుల్లో డైమండ్ సెంటర్ కవర్లు, చింపేసిన కాగితాలు, కెమెరా సామాను కొన్న బిల్లు, సగం తిన్న శాండ్‌విచ్ దొరికాయి. ముక్కలు అతికించి చదివారు, శాండ్‌విచ్ మీది డీఎన్‌ఏ తీశారు. కొద్ది రోజుల్లోనే నోటర్‌బార్తొలో ఆంట్‌వర్ప్‌లో దొరికాడు. 2005లో పదేళ్ల శిక్ష పడింది. నలుగురికి శిక్షలు పడ్డాయి గానీ తాళాల నిపుణుడైన ఒకడెవరో నేటికీ తెలియదు. వజ్రాల్లో చాలా భాగం మళ్లీ కనబడలేదు.

వేలల్లో ఒక నేర పరిశోధన ఇంత శుభ్రంగా, చేతికందిన ముక్కలతో తేలుతుంది. ఆ బిల్డింగ్ ఎదుట నిలబడి ఇదంతా ఊహించుకోవడమే అక్కడ చేయగలిగింది. లోపలికి సందర్శకులను రానివ్వరు, ఖజానా చూపించే టూర్ ఏదీ లేదు. ఎవరైనా చూపిస్తామంటే డబ్బు ఇవ్వకండి.

గైడ్ల సంగతి ఇక్కడే చెప్పాలి. నడక టూర్ ఒకటి తీసుకున్నాను, పేరు రాయను. దొంగతనం కథ బాగా రక్తి కట్టించాడు. చివర్లో మాత్రం ‘అసలు ఇదంతా ఒక యూదు వ్యాపారి ఇన్సూరెన్స్ కోసం చేయించిన పని, ఇక్కడ అందరికీ తెలుసు’ అన్నాడు. గ్రూపులో కొందరు తలలూపారు. ఆ మాట పుట్టింది నోటర్‌బార్తొలో నోటి నుంచే. 2009లో ఒక అమెరికన్ పత్రికకు ఇచ్చిన ఇంటర్వ్యూలో తనకి పని అప్పజెప్పింది ఒక యూదు వజ్రాల వ్యాపారి అని, ఆ వ్యాపారి పేరు చెప్పకుండా, ఆరోపించాడు. దానికి ఆధారం ఎక్కడా దొరకలేదు, కేసు పరిశోధించినవాళ్లు నమ్మలేదు. సొమ్ము పోయినవాళ్లలో ఎంతోమందికి ఇన్సూరెన్సే లేదు. శిక్ష పడిన దొంగ చెప్పుకున్న కథని, తరతరాలుగా ఒక సమాజం మీద ఉన్న పాత అపనిందకి అతికించి, డబ్బులు తీసుకుని చెప్పడం నాకు చాలా బాధ కలిగించింది. అక్కడే అడ్డం చెప్పాను, టూర్ మధ్యలోనే వదిలి వచ్చేశాను. మీరు గైడ్‌ని మాట్లాడుకునేటప్పుడు ఒకటే అడగండి: ఈ వీధుల్లో రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఏం జరిగిందో కూడా చెబుతారా? చెబుతామన్నవాళ్లని తీసుకోండి.

యుద్ధం ముందు కూడా ఇది యూదుల పేటే. 19వ శతాబ్దం చివర తూర్పు యూరప్‌లో హింస నుంచి పారిపోయి వచ్చినవాళ్లకి, అప్పుడే దక్షిణాఫ్రికా నుంచి దిగుతున్న వజ్రాల పని అన్నం పెట్టింది. జేబులో పట్టే పెట్టుబడి, చేతిలో ఉండే పనితనం, ఎక్కడికి తరిమినా వెంట తీసుకెళ్లగలిగే వృత్తి. 1893 నుంచి 1929 మధ్య నాలుగు వజ్రాల బోర్సులు (వ్యాపారులు కూడి బేరాలాడే సంఘాలు) ఏర్పడ్డాయి, ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో వేల డాలర్ల సరుకు మాట మీద చేతులు మారుతుంది. బేరం కుదిరాక చేయి కలిపి ‘మజల్’ (అదృష్టం) అంటారు, అంతే. వ్యాపారి యూదుడైనా, గుజరాత్ పాలన్‌పూర్ నుంచి వచ్చిన జైనుడైనా, లెబనాన్ వాడైనా అదే మాట. అన్నాక వెనక్కి తగ్గితే బోర్సులో తగవు తీర్చే పెద్దలున్నారు, పేరు పోతే వ్యాపారమే పోతుంది.

దీన్ని చూస్తే నాకు 17వ శతాబ్దపు మన వజ్రాల గనులు గుర్తొచ్చాయి. గోల్కొండ గనులు తిరిగిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, అక్కడి వ్యాపారులు ఎదురెదురుగా కూర్చుని, పంచె కొంగు కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి ధర చెప్పుకునేవారని రాశాడు. చుట్టూ ఎంతమంది ఉన్నా నోట మాట బయటికి రాదు. ఆ రాళ్లు కొనడానికి మద్రాసు సెయింట్ జార్జి కోటలో యూదు వర్తకులు స్థిరపడ్డారు, మధ్యధరా సముద్రపు పగడాలు తెచ్చి అమ్మి వజ్రాలు లండన్‌కి పంపేవారు. అంటే యూదులతో మనకున్న వజ్రాల బంధం ఆంట్‌వర్ప్‌లో మొదలైంది కాదు, మన గడ్డ మీదే ఉంది. ఇప్పుడు కొల్లూరు పులిచింతల నీళ్ల కింద పోయింది. జొన్నగిరి, తుగ్గలి చేలల్లో మాత్రం తొలకరి పడగానే జనం వంగి వెతుకుతూనే ఉంటారు.

హోవెనియర్స్‌స్ట్రాట్‌లో కాఫీ తాగుతుంటే పరిచయమైన ఒక గుజరాతీ పెద్దాయన, ‘బేటా, ఒకప్పుడు ఇక్కడ మధ్యాహ్నం భుజం భుజం రాసుకునేది’ అన్నారు. సాన పని చాలావరకు సూరత్‌కి వెళ్లింది, ముడి వజ్రాల వ్యాపారంలో దుబాయ్ ముందుకొచ్చింది, ల్యాబ్‌లో పెంచే రాళ్లు ధరలు దించాయి, 2024 జనవరి నుంచి రష్యా వజ్రాల మీద నిషేధం. ఖాళీ ఆఫీసులకు ‘అద్దెకు’ బోర్డులు నేనూ చూశాను. కాబట్టి ఈ వీధులను చూడాలంటే తొందరగా వెళ్లడమే మంచిది. సోమవారం నుంచి గురువారం వరకు, పగటి పూట వెళ్లండి. శుక్రవారం మధ్యాహ్నం నుంచే, చలికాలమైతే మరీ తొందరగా, యూదుల ఆఫీసులు మూసేస్తారు.

శుక్రవారం సాయంత్రం, శనివారం చూడాల్సింది పక్క పేటలను. రైలు కట్టకి ఇవతల లాంగే కీవిట్‌స్ట్రాట్, త్రికోణాకారపు స్టాడ్స్‌పార్క్, అవతల ప్రొవిన్సీస్ట్రాట్. నల్ల కోట్లు, బొచ్చు టోపీలతో మగవాళ్లు, పెద్ద తోపుడు బండ్లలో పిల్లలతో కుటుంబాలు. మామూలు రోజుల్లో ఆ మగవాళ్లే సైకిళ్ల మీద దూసుకుపోతారు. ఊళ్లో యూదుల సంఖ్య సుమారు 15 నుంచి 20 వేలు, చాలామంది ఇంట్లో తూర్పు యూరప్ యూదుల భాష యిడ్డిష్ మాట్లాడతారు. సబ్బాతు రోజున, అంటే శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం సాయంత్రం దాకా ఉండే వాళ్ల విశ్రాంతి దినాన, వాళ్ల ఫోటోలు తీయకండి, గుడికెళ్తున్న మన పెద్దవాళ్ల ఎదుట కెమెరా పెడితే మనకెలా ఉంటుందో అదే. సినగాగ్ లోపలికి వెళ్లాలంటే ముందుగా రాసి అనుమతి తీసుకోవాలి, పాస్‌పోర్టు అడుగుతారు.

భోజనం విషయంలో శాకాహారులకు నేను గట్టిగా చెప్పే మాట ఒకటుంది. కోషర్ అనే యూదుల ఆహార నియమం ప్రకారం పాలు, మాంసం కలవకూడదు. కాబట్టి పాల వంటకాల కోషర్ హోటల్‌లో మాంసం అసలు వంటగదిలోకే రాదు. చేప, గుడ్డు ఉంటాయి, అడిగి తీసుకోవాలి. యూరప్‌లో సూప్‌లో ఏం వేశారో తెలియక టెన్షన్ పడే మా అమ్మలాంటివాళ్లు అక్కడ నిశ్చింతగా తింటారు. ప్రొవిన్సీస్ట్రాట్‌లోని క్లైన్‌బ్లాట్ బేకరీ 1903 నాటిది, దాని చీజ్‌కేక్ కోసం మళ్లీ మళ్లీ వెళ్లాను. మాంసాహారులకు లాంగే కీవిట్‌స్ట్రాట్‌లో హాఫీస్ ఉంది, వడ్డించేవాళ్లు ఏ వంటకం ఏమిటో ఓపికగా చెబుతారు. ధరలు కాస్త ఎక్కువే. శనివారం ఇవన్నీ మూసే ఉంటాయి కాబట్టి ముందు రోజే బ్రెడ్డు, పండ్లు కొని పెట్టుకోండి.

బస విషయానికొస్తే, ముందు స్టేషన్ ఎదుట ఒక చెయిన్ హోటల్‌లో దిగాను. గది ఇరుకు, రాత్రి రెండు దాటేదాకా వీధి గోల, బుకింగ్‌లో చూపని ఊరి పన్ను కౌంటర్‌లో అడిగారు. తెల్లవారి రైలు ఉంటే తప్ప అక్కడ ఉండాల్సిన పని లేదు. తర్వాత జ్యూరెన్‌బోర్గ్ పేటలో ఒక ఇంట్లో గదికి మారాను. కోగెల్స్ ఒసీలే వీధిలో వందేళ్ల నాటి ఇళ్లు ఒకదాన్ని పోలి ఒకటి ఉండవు, పొద్దునే నడవడానికి ఎంతో హాయి. వజ్రాల వీధులకు అరగంట లోపు నడక. లోపం ఒక్కటే, పాత ఇళ్లలో లిఫ్ట్ ఉండదు, మెట్లు నిటారుగా ఉంటాయి. పెద్దవాళ్లతో వెళ్తే కింది గది దొరుకుతుందో లేదో ముందే అడగండి.

కొనుగోలు మీద ఆశతో వెళ్లేవాళ్లు పెలికాన్‌స్ట్రాట్ అద్దాల షాపుల్లోకి తొందరపడి దూరకండి. ఒక షాపులో మొదట చెప్పిన ధర నేను గుమ్మం దాటేలోపు దాదాపు సగమైంది. సర్టిఫికెట్ అడిగితే వాళ్ల సొంత కాగితమే చూపించారు. వజ్రాలను పరీక్షించే హెచ్‌ఆర్‌డీ, ఐజీఐ, జీఐఏ సంస్థల్లో ఏదో ఒకదాని సర్టిఫికెట్ ఉన్న రాయినే చూడండి, నంబరు ఆన్‌లైన్‌లో అక్కడికక్కడే సరిచూసుకోండి. యూరోపియన్ యూనియన్ బయట నివసించేవాళ్లకు కొంత మొత్తం దాటిన కొనుగోలుపై వ్యాట్‌లో కొంత వెనక్కి వస్తుంది, ఫారం షాపులోనే నింపించుకుని ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ ముద్ర వేయించుకోవాలి. నగలు కొనకుండా చూడాలనుకునేవాళ్లకి పాత ఊళ్లో 2018లో తెరిచిన దీవా మ్యూజియం బాగుంటుంది. పనితనం చూడటానికి రెండు గంటలు చాలు.

బ్రస్సెల్స్‌కి తిరిగెళ్లే దారిలోనే మెహెలెన్ వస్తుంది, రైల్లో ఇరవై నిమిషాలు. అక్కడ దిగి కజెర్నె డోసిన్ మ్యూజియం చూడండి. 1942 నుంచి 1944 వరకు డోసిన్ సైనిక బ్యారక్స్ నుంచి నాజీలు 25 వేలకు పైగా యూదులను, వందలమంది రోమా తెగవాళ్లను ఎక్కువగా ఆష్‌విట్జ్ మరణశిబిరానికి రైళ్లలో తరలించారు. తిరిగొచ్చింది నూటికి ఐదుగురు. 1942 ఆగస్టు అరెస్టుల్లో ఆంట్‌వర్ప్ పోలీసులు కూడా పాల్గొన్నారు, 2007లో ఊరి మేయర్ దానికి క్షమాపణ చెప్పారు. లోపల అంతస్తుల పొడవునా ఒక గోడ, దాని మీద తరలించినవాళ్ల ఫోటోలు. వజ్రాల కోతపనివాళ్లు, దర్జీలు, వాళ్ల పిల్లలు. ఆడియో వివరణ బాగుంది, సిబ్బంది మర్యాదగా ఉన్నారు. పదేళ్ల లోపు పిల్లలతో వెళ్లేవాళ్లు ఒకరు బయట ఉండి, వంతులవారీగా చూడటం మేలు. దీనికి మూడు గంటలు పెట్టుకోండి, సెలవు రోజులు ముందే చూసుకోండి, లగేజీతో మాత్రం వెళ్లొద్దు.