పోస్ట్‌గ్రెస్ టైమ్‌స్టాంప్‌టీజెడ్: తిరుపతి లాడ్జి బుకింగ్‌లలో చాలాకాలం వాడాక

పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో ఒక క్షణాన్ని దాచే కాలమ్ టైప్ టైమ్‌స్టాంప్‌టీజెడ్, దాని మీద నా రివ్యూ ఇది. తిరుపతిలో లాడ్జి బుకింగ్ సాఫ్ట్‌వేర్‌కి అసలు పరీక్ష తెల్లవారుజామున 3 గంటలకి. రాత్రి రైళ్లు దిగినవాళ్లు రూమ్ తీసుకునేది అప్పుడే. ఆ 3:00 యూటీసీలో (ప్రపంచమంతా వాడే ఉమ్మడి టైమ్, మనకంటే ఐదున్నర గంటలు వెనక) ముందురోజు 21:30. సర్వర్ యూటీసీలో ఉండి, ఈ టైప్ కాలమ్‌ను నేరుగా తేదీగా మార్చి రోజువారీ లెక్క తీస్తే, 5:30 లోపు ఇచ్చిన ప్రతి రూమూ నిన్నటి ఖాతాలో పడుతుంది. కౌంటర్‌లో క్యాష్‌కీ రిపోర్టుకీ పొంతన ఉండదు. ఇది టైప్ తప్పు కాదు, క్వెరీ (డేటాబేస్‌ని మనం అడిగే తీరు) తప్పు. ముందు మన టైమ్‌జోన్ పేరైన 'ఏషియా/కోల్‌కతా'కి తిప్పి, ఆ తర్వాతే తేదీ తీయాలి. ఈ ఎక్స్‌ప్రెషన్ మీద ఇండెక్స్ (వెతకడం వేగంగా సాగడానికి పెట్టే సూచిక) కూడా పడుతుంది. నేరుగా తేదీగా మార్చేదాని మీద వేయబోతే పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోదు. సెషన్ (డేటాబేస్‌తో ఆ కనెక్షన్) టైమ్‌జోన్ మారితే దాని జవాబూ మారుతుంది కదా.

టైప్ మటుకు గట్టిది. 8 బైట్లు, మైక్రోసెకను దాకా లెక్క. +05:30తో పంపినా -05:00తో పంపినా లోపల యూటీసీకి మార్చుకుంటుంది, వచ్చిన ఆఫ్‌సెట్‌ను (యూటీసీతో ఉన్న ఆ తేడాను) మాత్రం ఉంచుకోదు. న్యూజెర్సీ నుంచి బుక్ చేసినాయన గడియారంలో అప్పుడెంతైందో కావాలంటే జోన్ పేరుకి వేరే కాలమ్ పెట్టాల్సిందే. ఆఫ్‌సెట్ ఒక్కటే దాస్తే సీజన్ మారగానే పనికిరాదు: మన ఉదయం 10 అక్కడ వేసవిలో రాత్రి 12:30, చలికాలంలో ముందురోజు రాత్రి 11:30.

పోస్ట్‌గ్రెస్‌లో ఇంకో టైప్ ఉంది, జోన్ లేని టైమ్‌స్టాంప్. దానికి '2024-11-03 01:30:00-05:00' ఇచ్చి చూడండి. చివరి -05:00ను చప్పుడు లేకుండా మింగేస్తుంది, ఎర్రర్ రాదు. ఆ రోజు న్యూయార్క్‌లో 1:30 రెండుసార్లు వచ్చింది, మొదట -04:00తో, గంట తర్వాత -05:00తో. ఆఫ్‌సెట్ పోయాక ఏ 1:30 అనేది ఎవరూ తేల్చలేరు. జరిగిపోయినవాటికి ఈ టైప్ వద్దు. రాబోయే అపాయింట్‌మెంట్లకి మాత్రం జోన్ పేరుతో కలిపి ఇదే సరైనది, అక్కడి ప్రభుత్వం మధ్యలో రూల్ మార్చినా గోడ గడియారం టైమ్ నిలుస్తుంది.

ఐదుకి నాలుగున్నర ఇస్తాను. ఆ అర పోయింది టైమ్‌ను ఒక జోన్‌కి తిప్పే ఎట్ టైమ్‌జోన్ అనే ఆపరేటర్ వల్ల. దానికి '+05:30' అని టెక్స్ట్ ఇస్తే పాత పోసిక్స్ (యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ప్రమాణం) పద్ధతిలో గ్రీనిచ్‌కి పడమర అనుకుంటుంది. మన 3:00 ముందురోజు 16:00గా కనబడుతుంది, ఏకంగా 11 గంటల తేడా! ఐఎస్టీ అని పొట్టిగా రాసినా ముప్పే: 18వ వెర్షన్‌కి ముందు, సెట్టింగ్ మార్చకపోతే, అది ఇజ్రాయెల్ టైమ్, అంటే +02:00. ఎప్పుడూ పూర్తి జోన్ పేరే రాయండి.

ఇంకొకటి, ఇది పోస్ట్‌గ్రెస్ తప్పు కాదు గానీ దాని నెత్తిన పడుతుంటుంది. యూఆర్‌ఎల్‌లో +05:30ను అలాగే పంపితే చాలా సర్వర్లు ప్లస్‌ను ఖాళీ జాగాగా (స్పేస్‌గా) చదువుతాయి. ప్లస్ బదులు ఎన్‌కోడ్ చేసిన రూపం పంపాలి, లేదా ఏపీఐ (ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి) దాకా అంతా యూటీసీలోనే నడపాలి.