గాడిద గుర్తా, ఏనుగు గుర్తా: అమెరికా పార్టీల్లో మనవాళ్లకు ఏది మేలు?

అమెరికా ఎన్నికలు దగ్గరపడితే చాలు, గుంటూరులోనూ కరీంనగర్‌లోనూ ఒకటే ప్రశ్న: అక్కడ ఎవరు గెలిస్తే మన పిల్లలకు మంచిది? అడిగేవాళ్ల మనసులో ఉన్నది చాలావరకు వీసానే. నన్నడిగితే డెమొక్రాట్లకూ (గాడిద గుర్తు) రిపబ్లికన్లకూ (ఏనుగు గుర్తు) ఉన్న తేడా అంతకంటే గట్టిగా తగిలేది పన్నుల దగ్గర, వైద్యం దగ్గర, ఉంటున్న రాష్ట్రం దగ్గర. వీసాల్లో రిపబ్లికన్లు కఠినం, డెమొక్రాట్లు కాస్త మెత్తన. గ్రీన్‌కార్డు క్యూ మాత్రం ఎవరి హయాంలోనూ కరగలేదు.

ఆ పార్టీల్ని మన టీడీపీ, వైసీపీల్లాగానో, కాంగ్రెస్, బీఆర్‌ఎస్‌ల్లాగానో ఊహించుకుంటే తప్పులో కాలేసినట్టే. అక్కడ బీ-ఫారం చేతికిచ్చే అధిష్ఠానం లేదు. అభ్యర్థి ఎవరో ప్రైమరీ ఎన్నికల్లో ఓటర్లే తేలుస్తారు. 2014లో ప్రతినిధుల సభలో రిపబ్లికన్ల మెజారిటీ నాయకుడు ఎరిక్ కాంటర్, వర్జీనియాలో తన సీటు ప్రైమరీలోనే పోగొట్టుకున్నారు. ఓడించింది డేవ్ బ్రాట్ అనే ఎకనామిక్స్ ప్రొఫెసర్. 2018లో న్యూయార్క్‌లో డెమొక్రాట్ల పెద్ద నాయకుడు జో క్రౌలీకి 28 ఏళ్ల అలెగ్జాండ్రియా ఒకాసియో-కోర్టెజ్ చేతిలో అదే గతి పట్టింది. ఫిరాయింపుల చట్టం కూడా లేదు. 2017 జూలైలో ఒబామాకేర్‌కు (ఒబామా తెచ్చిన ఆరోగ్య బీమా చట్టం) గండికొట్టే బిల్లు సెనేట్‌కు వచ్చిన రాత్రి రిపబ్లికన్ జాన్ మెకెయిన్ నడిచొచ్చి బొటనవేలు కిందికి చూపించారు. బిల్లు 51-49తో వీగిపోయింది. మన దగ్గరైతే మర్నాడే అనర్హత పిటిషన్ పడేది! ఆయన సెనేటర్‌గానే కొనసాగారు. కాబట్టి ‘ఫలానా పార్టీ వస్తే ఫలానాది జరిగి తీరుతుంది’ అని ఎవరైనా చెబితే సగమే నమ్మండి.

చరిత్ర చూపించి ఓటు అడిగేవాళ్లనూ అంతే. రిపబ్లికన్ పార్టీ 1854లో బానిసత్వ విస్తరణకు ఎదురు నిలబడి పుట్టింది, లింకన్ ఆ పార్టీ తొలి అధ్యక్షుడు. దక్షిణాది రాష్ట్రాలు ఆ తర్వాత దాదాపు వందేళ్లు డెమొక్రాట్ల కంచుకోట. 1964లో డెమొక్రాట్ లిండన్ జాన్సన్ పౌరహక్కుల చట్టం మీద సంతకం పెట్టాక ఆ కోటలు మెల్లగా రిపబ్లికన్ల చేతికి మారాయి. వాణిజ్యంలోనూ ఇలాంటి తిరకాసే. 1993లో కెనడా, మెక్సికోలతో స్వేచ్ఛా వాణిజ్యానికి కుదిరిన నాఫ్టా ఒప్పందానికి ప్రతినిధుల సభలో డెమొక్రాట్ల కంటే రిపబ్లికన్ల ఓట్లే ఎక్కువ పడ్డాయి. ఇవాళ సుంకాల జెండా పట్టుకున్నది ఆ రిపబ్లికన్లే. 2025 ఆగస్టులో భారత్ సరుకు మీద 50 శాతం సుంకం పడేసరికి ఆ సెగ తిన్నగా భీమవరం రొయ్యల చెరువుల దాకా వచ్చింది.

ఇక పన్నులు. ‘పన్ను తగ్గించు, ప్రభుత్వాన్ని అదుపులో పెట్టు’ అన్నది రిపబ్లికన్ల మూలసూత్రం. 2017 చట్టంతో కంపెనీల పన్నును 35 శాతం నుంచి 21కి దించారు. బైడెన్ దాన్ని 28కి పెంచాలని చూశారు, కుదరలేదు. కంపెనీలూ, ఏటా 4 లక్షల డాలర్లు దాటి సంపాదించేవాళ్లూ ఎక్కువ కట్టాలి, ఆ డబ్బు వైద్యానికీ పిల్లల సంరక్షణకీ పోవాలి అన్నది ఆయన వాదన. భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేర్‌లో సీనియర్లయితే ఆ 4 లక్షల గీత మరీ అందనంత దూరంలో ఉండదు. సొంతంగా గ్యాస్ స్టేషనో రెస్టారెంటో నడిపేవాళ్లకు అదే 2017 చట్టం వ్యాపార ఆదాయంలో 20 శాతం దాకా మినహాయింపు ఇచ్చింది. వాళ్లు ఏనుగు వైపు మొగ్గారంటే ఆశ్చర్యం లేదు.

కానీ ఆ చట్టం ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకుంది. రాష్ట్రానికీ స్థానిక సంస్థలకూ కట్టిన పన్నుల్ని ఫెడరల్ రిటర్నులో తగ్గించి చూపించుకోవడానికి 10,000 డాలర్ల పరిమితి పెట్టింది. న్యూజెర్సీ ఎడిసన్‌లో ఓ మాదిరి ఇల్లున్నా ప్రాపర్టీ ట్యాక్స్ ఒక్కటే ఆ పరిమితిని దాదాపు మింగేస్తుంది. రాష్ట్ర ఆదాయపు పన్ను దానికి అదనం. అదే టెక్సాస్ ఫ్రిస్కోలో ఉన్న బావమరిదికి రాష్ట్ర ఆదాయపు పన్నే లేదు (ప్రాపర్టీ ట్యాక్స్ అక్కడా వాయిస్తుంది, అది వేరే సంగతి). 2025లో ఆ పరిమితిని 40,000 డాలర్లకు పెంచిందీ రిపబ్లికన్లే. న్యూయార్క్, న్యూజెర్సీ, కాలిఫోర్నియాల నుంచి గెలిచిన సొంత పార్టీవాళ్లు పట్టుబట్టడంతో దిగొచ్చారు. ఇంటికి పంపే డబ్బు మీద పన్ను అంటూ మనవాళ్లు హడలిపోయింది కూడా ఆ 2025 బిల్లు గురించే. 5 శాతం అని మొదలుపెట్టి, 3.5 అని, చివరికి 1 శాతంతో సరిపెట్టారు. అదీ నగదు, మనీ ఆర్డర్ లాంటివి ఇచ్చి పంపితేనే. బ్యాంకు ఖాతా నుంచి పంపేవాళ్లకు లేదు.

వైద్యం దగ్గర గీత స్పష్టంగా ఉంది. 2010లో ఒబామాకేర్ చట్టానికి తుది ఓటింగుల్లో ఉభయసభల్లో కలిపి ఒక్క రిపబ్లికన్ ఓటు కూడా పడలేదు. షుగరో బీపీయో ముందే ఉందని ఇన్సూరెన్స్ కంపెనీ తిప్పి పంపకుండా అడ్డుకున్నది ఆ చట్టమే. పిల్లలు 26 ఏళ్లు వచ్చేదాకా తల్లిదండ్రుల పాలసీలో ఉండొచ్చన్నదీ అందులోదే. ఉద్యోగం ఉన్నన్నాళ్లు దీని విలువ మనవాళ్లకు తెలీదు, కంపెనీ ఇన్సూరెన్స్ ఉంటుంది కాబట్టి. లేఆఫ్ అయిన నెలలో తెలుస్తుంది. బీదవాళ్ల వైద్యానికిచ్చే మెడికెయిడ్ ఖర్చును రిపబ్లికన్లు 2025 చట్టంలో బాగా కోశారు. ఆ పథకం మా జోలికి రాదు అనుకునేవాళ్లు మనలో ఎక్కువే. నాకైతే డెమొక్రాట్ల పక్షాన ఉన్న అన్నిటికంటే బలమైన వాదన ఇదే.

గర్భస్రావం, తుపాకులు: ఇవి ఇప్పుడు చాలావరకు రాష్ట్రాన్ని బట్టి. 2022 జూన్‌లో గర్భస్రావ హక్కునిచ్చిన పాత ‘రో’ తీర్పును సుప్రీంకోర్టు కొట్టేశాక టెక్సాస్‌లో గర్భస్రావం దాదాపు పూర్తిగా నిషిద్ధం, న్యూజెర్సీలో చట్టబద్ధం. ఫ్రిస్కోలో ఇల్లు కొనేటప్పుడు స్కూలు రేటింగులు చూసినంత శ్రద్ధగా ఇది చూసేవాళ్లు తక్కువ. పార్టీ చెప్పినట్టే ఓటర్లూ ఉంటారనుకోవడం కూడా పొరపాటే: రిపబ్లికన్ల కోట కాన్సస్‌లోనే అదే ఏడాది ఆగస్టులో గర్భస్రావ హక్కును తీసేసే సవరణను జనం ఓడించారు. తుపాకుల మీద డెమొక్రాట్లు ఆంక్షలు కావాలంటారు, రిపబ్లికన్లు రాజ్యాంగ హక్కు అంటారు, అంతే.

కాలేజీ సీట్ల దగ్గర మన తల్లిదండ్రుల మనసు రిపబ్లికన్ల వైపు లాగుతుంది. 2023లో ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోవడాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ కేసులో హార్వర్డ్ ఆసియా పిల్లలకు అన్యాయం చేస్తోందన్నదే ఆరోపణ. రిపబ్లికన్లు పండగ చేసుకున్నారు, డెమొక్రాట్లు తప్పుబట్టారు. ఇంట్లో పదకొండో తరగతి పిల్లాడున్న తండ్రి ఎటు చప్పట్లు కొట్టాడో చెప్పక్కర్లేదు.

ఇప్పుడు వీసా. హెచ్-1బీని పుట్టించిన 1990 చట్టం మీద సంతకం రిపబ్లికన్ అధ్యక్షుడు పెద్ద బుష్‌ది. 2000లో క్లింటన్ సంతకం చేసిన చట్టంతో ఏడాది కోటా తాత్కాలికంగా 1,95,000 దాకా వెళ్లి, మళ్లీ కిందికొచ్చి ఇప్పటికి 85,000 దగ్గర ఆగింది. హెచ్-1బీ ఉద్యోగి వెంట హెచ్-4 వీసా మీద వచ్చిన భార్యకో భర్తకో (గ్రీన్‌కార్డు ప్రక్రియ కొంత ముందుకెళ్లినవాళ్లకు) ఉద్యోగం చేసుకునే వీలు 2015లో ఒబామా ఇచ్చారు. ట్రంప్ మొదటి దఫాలో తీసేయాలని చూసి పూర్తి చేయలేకపోయారు. రెండో దఫాలో 2025 సెప్టెంబర్ 19న కొత్త హెచ్-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. ఇది కొత్తవాళ్లకే, రెన్యువల్‌కు కాదు అని మర్నాడు వివరణ వచ్చేలోపు సెలవుకి ఇండియా వచ్చినవాళ్లు ఎయిర్‌పోర్టులకు పరుగులు తీశారు. వీసా మీద బతికేవాళ్లకు గాడిద పార్టీ హయాంలో నిద్ర బాగా పడుతుందన్నది నిజం.

ఆ నిద్రతో గ్రీన్‌కార్డు రాదు. ఉద్యోగాల కోటాలో ఏడాదికి సుమారు 1,40,000, అందులో ఏ దేశానికైనా 7 శాతం పరిమితి. దీన్ని తీసేసే బిల్లు 2019లో కాలిఫోర్నియా డెమొక్రాట్ జో లాఫ్‌గ్రెన్ తెస్తే ప్రతినిధుల సభలో 365-65తో గెలిచింది. సెనేట్‌లో దాన్ని భుజాన వేసుకున్నది యూటా రిపబ్లికన్ మైక్ లీ. అడ్డుపడ్డవాళ్లలో ఇల్లినాయ్ డెమొక్రాట్ డిక్ డర్బిన్ ముఖ్యులు. మొత్తం కార్డుల సంఖ్య పెంచకుండా వరుస మారిస్తే మిగతా దేశాలవాళ్లకు అన్యాయమన్నారు. చివరికి రాజీ కుదిరి 2020 డిసెంబర్‌లో సెనేట్‌లోనూ గట్టెక్కింది. కానీ రెండు సభలు ఆమోదించిన బిల్లులు అచ్చంగా ఒకటి కావు, సమయం అయిపోయింది, బిల్లు మురిగిపోయింది. ఇదే డర్బిన్, అయోవా రిపబ్లికన్ చక్ గ్రాస్లీతో కలిసి హెచ్-1బీని బిగించే బిల్లు 2007 నుంచీ తెస్తూనే ఉన్నారు. మనకు అనుకూలమో ప్రతికూలమో తేల్చే గీత పార్టీల మధ్య కంటే పార్టీల లోపలే ఉంది. 2024 డిసెంబర్‌లో హెచ్-1బీ మీద ఎలాన్ మస్క్, స్టీవ్ బానన్ వర్గాలు బాహాటంగా తిట్టుకోవడం చూశాం కదా, అప్పట్లో ఇద్దరూ ట్రంప్ మనుషులే.

మనవాళ్లు పదవుల్లో ఉన్నారన్న మాటనూ కొలతగా పెట్టుకోలేం. ఉపాధ్యక్షుడు వాన్స్ భార్య ఉషది తెలుగు మూలాలున్న కుటుంబం. మేరీల్యాండ్ లెఫ్టినెంట్ గవర్నర్ అరుణా మిల్లర్ హైదరాబాద్‌లో పుట్టిన డెమొక్రాట్. 2025లో వర్జీనియాలో అదే పదవికి గెలిచిన గజాలా హష్మీ కూడా అంతే.

నా లెక్క ఇది. వీసా మీద ఉన్నవాళ్లకు డెమొక్రాట్లు తక్కువ ప్రమాదం, వాళ్లకు ఓటు లేదన్నది వేరే బాధ. పౌరసత్వం వచ్చి వ్యాపారం నిలదొక్కుకున్నవాళ్లకు డబ్బు వరకు రిపబ్లికన్లు లాభం. ఉద్యోగం ఎప్పుడు ఊడుతుందో తెలియని ఇంటికి, ఆడపిల్లలున్న టెక్సాస్ ఇంటికి నేనైతే గాడిదే మేలంటాను.

ఓటున్నవాళ్లు చాలామంది వదిలేసేది ప్రైమరీని. టెక్సాస్‌లో 1994 తర్వాత రాష్ట్రవ్యాప్త పదవి ఒక్కటీ డెమొక్రాట్లకు దక్కలేదు. అక్కడ అసలు పోటీ మార్చిలో జరిగే రిపబ్లికన్ ప్రైమరీలోనే తేలిపోతుంది. అక్కడ ఓటరు నమోదులో పార్టీ పేరు రాయనక్కర్లేదు, ఏ పార్టీ ప్రైమరీకైనా వెళ్లొచ్చు. నవంబరులో డెమొక్రాట్లకు వేసే ఫ్రిస్కో ఓటరు కూడా మార్చిలో ఏనుగు గుర్తు వరుసలో నిలబడి, ఉన్నవాళ్లలో మన వీసాల మీద కాస్త మెత్తగా ఉండే అభ్యర్థికి ఓటేసి రావచ్చు. కాకపోతే ఆ ఏడాది రనాఫ్ (ఎవరికీ సగం ఓట్లు దాటకపోతే పెట్టే రెండో విడత పోటీ) జరిగితే అందులోనూ అటువైపే వేయాలి.