క్లోజపిన్: రక్తపరీక్ష సరే, పేగుల సంగతి ఎవరు అడుగుతారు?

మిగతా మందులకు లొంగని స్కిజోఫ్రేనియా అనే మానసిక జబ్బుకు క్లోజపిన్‌ను మించిన మందు లేదు. ఏళ్ల తరబడి వాడాక కూడా నాది అదే మాట. చెవిలో మాటలు తగ్గాయి, నిద్ర కుదిరింది.

నా కోపమల్లా ఒక్కటే. ప్రమాదం అనగానే అందరూ తెల్లకణాల గురించే చెబుతారు. 1975లో ఫిన్లండ్‌లో అవి పడిపోయి రోగులు చనిపోయారు కాబట్టి తెల్లకణాల్లో ఒక రకమైన న్యూట్రోఫిల్స్ లెక్క చూడాల్సిందే. మొదటి వారాల్లో జ్వరం, ఛాతీ నొప్పి, గుండెదడ వస్తే గుండె కండరం వాచిందేమో అని ట్రోపోనిన్ పరీక్ష కూడా చేయించాల్సిందే. మరి పేగులు? అవి కదలిక మానేసి ప్రాణం మీదికి వస్తుందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో హెచ్చరికను ఇంకా గట్టి చేసింది. అయినా "విరేచనం సాఫీగా అవుతోందా" అని అడిగేవాళ్లు అరుదు.

అడిగినా సరిపోదు. పేగులు బాగా మందగించినా చాలామందికి ఇబ్బందే తెలియదు. గట్టిపడిన మలం పక్కనుంచి నీళ్లలా జారితే నీళ్ల విరేచనాలనుకుని, వాటిని ఆపే లోపెరమైడ్ వేసుకుంటారు, దాంతో ఇంకా బిగుసుకుంటుంది. నిద్రలో కారే చొంగకిచ్చే గ్లైకోపైరోలేట్, వణుక్కిచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ కూడా పేగుల్ని మందగింపజేసేవే. క్లోజపిన్‌తో పాటు ఇవి కూడా ఒకే చీటీలో ఉంటే తప్పకుండా ప్రశ్నించండి.

విరేచనం అయిన రోజు క్యాలెండర్‌లో గుర్తు పెట్టాలి. విరేచనం సాఫీగా అయ్యే మందులైన సెన్నా గానీ మాక్రోగాల్ గానీ మొదటి రోజు నుంచే రాయమని డాక్టర్ని అడగాలి. ఇసబ్‌గోల్ దీనికి పనికిరాదు: కదలని పేగులో అది ఉబ్బి అడ్డుపడుతుంది. రెండు మూడు రోజులు విరేచనం కాకపోతే డాక్టరుకు ఫోన్ చేయాలి. పొట్ట ఉబ్బి నొప్పి పెడుతున్నా, వాంతులవుతున్నా, గ్యాస్ కూడా పోకపోయినా ఇంట్లో విరేచనం అయ్యే మందు వేసుకుంటూ కూర్చోకూడదు. నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లి, క్లోజపిన్ వాడుతున్నట్టు ముందే చెప్పాలి.

భయపడి సొంతంగా ఆపేయొద్దు, జబ్బు తిరగబెడుతుంది. 48 గంటలు దాటి మానేస్తే పాత డోసు మళ్లీ వేసుకోకూడదు, డాక్టరు 12.5 మిల్లీగ్రాముల నుంచి మళ్లీ పెంచుకుంటూ వస్తారు. సిగరెట్ మానేస్తే రక్తంలో మందు పెరుగుతుంది, దాని గురించీ ముందే చెప్పాలి.

నిద్ర కుదిరింది అన్నాను గానీ, పొద్దున మగత ఇప్పటికీ ఉంది. ఇంట్లో క్యాలెండర్ చూసేవాళ్లున్నారు కాబట్టి నేను దీన్నే వాడుతున్నాను. ఒంటరిగా ఉండేవాళ్లకు, పొట్ట ఆపరేషన్ అయినవాళ్లకు ఇదే మాట చెప్పలేను. వాళ్లు మొదటి మాత్రకు ముందే డాక్టరుతో ఆ సంగతి తేల్చుకోవాలి.