హైపర్‌ఫైన్ రివ్యూ: గోనెసంచి బరువు తీసేసి చూపే కాటా

మనం టైప్ చేసే కమాండ్‌లను నడిపే షెల్ బాష్. అందులో ఒక కమాండ్‌కి ఎంత టైమ్ పడుతుందో కొలిచే బెంచ్‌మార్క్ స్క్రిప్ట్ రాయడం పది నిమిషాల పని. ఒక ఫర్ లూప్, ముందొక డేట్ (టైమ్ చెప్పే కమాండ్), వెనకొక డేట్, తీసివేత, చివర్లో బీసీ అనే లెక్కల కమాండ్‌తో సగటు. చిక్కల్లా ఏమిటంటే, నానోసెకన్లు అడిగే ఆ డేట్ కూడా ఒక ప్రాసెసే. దాన్ని ఫోర్క్ చేసి, అంటే కొత్త ప్రాసెస్‌గా లేపి, జవాబు చదివేసరికి మిల్లీసెకను అటూ ఇటుగా పోతుంది. రెండు సెకన్ల పనికి ఇది లెక్కలోకి రాదు. నాలుగు మిల్లీసెకన్ల కమాండ్‌కి మాత్రం బియ్యంతో పాటు గోనెసంచినీ తూచినట్టే. బాష్ 5లో వచ్చిన ఈపాక్‌రియల్‌టైమ్ వేరియబుల్ ఆ ఫోర్క్‌ని తప్పిస్తుంది కానీ, అది సిస్టమ్ గడియారాన్నే చూస్తుంది. మధ్యలో నెట్ నుంచి గడియారం సరిచేసే ఎన్‌టీపీ టైమ్ సర్దిందంటే ఫలితం మైనస్‌లోకి కూడా పోవచ్చు.

హైపర్‌ఫైన్ ఇదే పనిని రస్ట్‌లో చేస్తుంది. డేవిడ్ పీటర్ మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ టూల్, 2018 నుంచి ఉంది. ఉబుంటులో ఆప్ట్‌తో, మ్యాక్‌లో బ్రూతో, ఎక్కడైనా కార్గోతో ఎక్కించుకోవచ్చు. కంపైల్డ్ భాషలో రాశారంటే స్పీడు కోసమే అనుకుంటాం. కొలిచే టూల్ ఎంత చురుగ్గా ఉన్నా కొలవబడే కమాండ్ వేగం పెరగదు కదా! లాభం వేరే చోట ఉంది. ఇది వెనక్కి తిరగని మోనోటోనిక్ గడియారాన్ని వాడుతుంది, యూజర్ (ప్రోగ్రామ్ సొంత పని), సిస్టమ్ (దాని కోసం కెర్నెల్ చేసిన పని) టైమ్‌లను ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నెల్ నుంచే తీసుకుంటుంది. కమాండ్‌ని షెల్ ద్వారానే నడిపినా, ముందుగా ఖాళీ కమాండ్‌ని మళ్లీ మళ్లీ నడిపి షెల్ లేవడానికి పట్టే టైమ్ కనుక్కుని దాన్ని తీసేస్తుంది. అంటే ఖాళీ సంచిని ముందే తూచి పెట్టుకుంటుంది.

ఈ తరుగుకీ ఒక హద్దుంది. 5 మిల్లీసెకన్ల కంటే తక్కువ వస్తే టూలే హెచ్చరిస్తుంది. అప్పుడు క్యాపిటల్ ఎన్ ఆప్షన్ ఇచ్చి షెల్‌ని పూర్తిగా పక్కన పెట్టాలి. అలా పెట్టాక పైపులు (ఒక కమాండ్ అవుట్‌పుట్‌ని ఇంకోదానికి ఇవ్వడం), రీడైరెక్షన్ (అవుట్‌పుట్‌ని ఫైల్‌కి పంపడం), స్టార్ గుర్తులు పనిచేయవు.

మామూలుగా కనీసం 10 సార్లు, కనీసం 3 సెకన్లు నడుపుతుంది. డిస్క్ చదివే కమాండ్‌లకు వార్మప్ 3 ఇస్తే ముందు మూడుసార్లు ఊరికే నడిపి, క్యాష్ (డిస్క్ డేటాని మెమరీలో దాచే చోటు) నిండాక కొలుస్తుంది. చల్లటి క్యాష్‌తో కావాలంటే ప్రిపేర్ ఆప్షన్‌లో సింక్ చేసి, క్యాష్ ఖాళీ చేయించే లినక్స్ డ్రాప్ క్యాషెస్ ఫైల్‌లో 3 రాయించాలి. దీనికి అడ్మిన్ హక్కులిచ్చే సుడో కావాలి. సుడో ఎకో అని రాసి రీడైరెక్ట్ చేస్తే పర్మిషన్ లేదంటుంది, ఎందుకంటే ఫైల్‌ని తెరిచేది మన షెల్లే, సుడో కాదు. ఎకోని సుడో టీకి (వచ్చినదాన్ని ఫైల్‌లో రాసే కమాండ్) పైప్ చేయాలి. వార్మప్‌నీ దీన్నీ కలపొద్దు. ప్రిపేర్ ప్రతి రన్‌కీ ముందు నడుస్తుంది కాబట్టి వేడెక్కించిందంతా వృథా. ఒక్కసారి చేస్తే చాలనుకునే మేక్ (ప్రోగ్రామ్‌ని బిల్డ్ చేసే కమాండ్) లాంటివి సెటప్ ఆప్షన్‌లో పెట్టాలి.

అందరూ జారే చోటు ఇంకొకటి ఉంది. హైపర్‌ఫైన్ కమాండ్ అవుట్‌పుట్‌ని డెవ్ నల్‌కి, అంటే ఏది వేసినా మాయం చేసే చోటికి, పంపుతుంది. ఫైళ్లలో పదాలు వెతికే జీఎన్‌యూ గ్రెప్ అది కనిపెట్టి, మొదటి మ్యాచ్ దొరకగానే ఆగిపోతుంది! పెద్ద లాగ్ ఫైల్ మీద గ్రెప్‌ని మరో టూల్‌తో పోలిస్తే గ్రెప్ మెరుపులా గెలిచేస్తుంది, పని మాత్రం చేసి ఉండదు. అవుట్‌పుట్ ఆప్షన్‌కి పైప్ అని ఇస్తే చివరిదాకా చదువుతుంది.

లోపాలు లేకపోలేదు. రెండు కమాండ్‌లిస్తే మొదటిదాని రన్‌లన్నీ అయ్యాకే రెండోది మొదలవుతుంది. ల్యాప్‌టాప్ వేడెక్కి సీపీయూ నెమ్మదిస్తే ఆ దెబ్బ రెండోదానికే. క్రమం తారుమారు చేసి మళ్లీ నడిపి చూడాలి, సీపీయూ వేగాన్ని నిర్ణయించే గవర్నర్‌ని పెర్ఫార్మెన్స్‌లో పెట్టాలి. తేడాగా ఉన్న రన్‌ల గురించి హెచ్చరిస్తుంది కానీ వాటిని తీసెయ్యదు. తెరమీద కనిపించేది సగటు, మీడియన్ (వరసలో పెడితే నడిమి విలువ) కాదు. ఒక్క రన్ అడ్డం తిరిగినా సగటు కదిలిపోతుంది. జేసన్ (డేటా ఫైల్ ఫార్మాట్)గా ఎక్స్‌పోర్ట్ చేస్తే మీడియన్, ప్రతి రన్ టైమ్ రెండూ ఉంటాయి. వాటిని చూడకుండా 1.1 రెట్లు వేగం అని ఎక్కడా రాయకండి.