వేలంలో కొన్నది నిరాశపరిస్తే: నెగటివా, న్యూట్రలా, మౌనమా?

నాకు నిజాం నాణేల పిచ్చి. డాలస్‌లో కూర్చుని హైదరాబాద్ రూపాయి కోసం అర్ధరాత్రి ఈబే అనే ఆన్‌లైన్ వేలం సైట్‌లో పాట పాడటమేమిటని మా ఆవిడ అడుగుతూనే ఉంటుంది, నా దగ్గర జవాబు ఉండదు. ఇండియాలో వాళ్ల సైట్ 2018లోనే మూతపడింది కాబట్టి అక్కడివాళ్లకు ఈ గోల అంతగా లేదు గానీ, ఇక్కడ స్టాంపులో, పాత పెన్నులో, నాణేలో కొనే మనవాళ్లు తక్కువేం కాదు.

మొన్న ఫిబ్రవరిలో ఉస్మాన్ అలీ ఖాన్ కాలం నాటి వెండి రూపాయి ఒకటి 42 డాలర్లకు పాడుకున్నాను. చార్మినార్ బొమ్మ, మధ్య గుమ్మంలో ఆయన పేరులోని మొదటి ఉర్దూ అక్షరం 'ఐన్' ఉంటుంది చూడండి, అదే. లిస్టింగ్‌లో ఫొటోలు రెండే, అవీ మసకగా, కింద మాత్రం 'ఎవరూ ముట్టుకోని ఒరిజినల్' అని ఉంది. కవర్ విప్పితే చింతపండు పెట్టి తోమిన చెంబులా తళతళలాడుతోంది! కొత్తవాళ్లకు అది ముచ్చటగా ఉంటుందేమో గానీ, తోమితే నాణెం విలువ పడిపోతుంది కాబట్టి, నాణేలు దాచుకునేవాళ్లకు ఆ మెరుపు చూస్తేనే ప్రాణం ఉసూరుమంటుంది. భూతద్దం పెట్టి అంచు చూస్తే మినార్ల పైన ఒకచోట టంకం మచ్చ, దాని మీద ఆకురాయి గీతలు. అంటే ఒకప్పుడు కొక్కెం అతికించి ఎవరో మెడలో వేసుకున్న రూపాయి అన్నమాట. తూకం మాత్రం 11.1 గ్రాములు, సరిగ్గానే ఉంది, నకిలీ అయితే కాదు.

ఇప్పుడేం చేయాలి?

ఈబేలో కొన్నవాళ్లు అమ్మినవాళ్ల గురించి పాజిటివ్, న్యూట్రల్, నెగటివ్ అని ఏదో ఒక ఫీడ్‌బ్యాక్ ఇచ్చి, పక్కన ఓ మాట రాయొచ్చు. నెగటివ్ కొట్టేయాలని చెయ్యి దురద పెట్టింది, అబద్ధమెందుకు. 2008 నుంచి అమ్మేవాళ్లు కొన్నవాళ్లకు తిరిగి నెగటివ్ ఇవ్వలేరు కాబట్టి అటు నుంచి భయం కూడా లేదు. అయితే ఆ దెబ్బ ఎవరికెంత తగులుతుందో చూడండి. ఏడాదికి పదివేల ఫీడ్‌బ్యాక్‌లు వచ్చే దుకాణానికి మీ నెగటివ్ దోమకాటు. ఏడాదిలో 50 మాత్రమే వచ్చిన చిన్న అమ్మకందారుకు అదొక్కటే అతని పేజీలో కనిపించే పాజిటివ్‌ల శాతాన్ని 98కి దించేస్తుంది. పైగా తర్వాత మీ మనసు మారినా మీరంతట మీరు మార్చలేరు, మార్చమని అతను రిక్వెస్ట్ పంపాలి, అలాంటివి కూడా అతనికి వెయ్యి ఫీడ్‌బ్యాక్‌లకు ఏడాదికి ఐదే. ఒకసారి రాశామా, దాదాపు రాతే.

మరి ఊరుకుంటే? 'పోనీలే పాపం' అనుకోవడం మనకు అలవాటే, పెళ్లిలో కూర బాలేకపోయినా బాగుందనే చెప్పి వస్తాం. నా దృష్టిలో ఇది మంచితనం కాదు, బద్ధకం. నాలా అర్ధరాత్రి పాడబోయే ఇంకొకడు ఆ పేజీ చూసి అంతా బాగుందనే అనుకుంటాడు. దీనికన్నా అన్యాయం ఇంకొకటుంది, పాజిటివ్ నొక్కేసి కామెంట్‌లో మాత్రం సణగడం. శాతాన్ని లెక్కపెట్టే మెషీన్ మీ సణుగుడు చదవదండీ, పాజిటివ్‌ను పాజిటివ్‌గానే వేసుకుంటుంది.

న్యూట్రల్‌ను ఎవరూ పట్టించుకోరు గానీ నాకు నచ్చేది అదే. ఆ శాతంలో దాన్ని లెక్కలోకి తీసుకోరు, కాబట్టి చిన్నవాడి పరువు పోదు, అయినా మీ మాటలు పేజీలో ఉంటాయి, జాగ్రత్తగా చూసేవాడి కంట పడతాయి. నిజంగా మోసం జరిగితే మాత్రం న్యూట్రల్ సరిపోదు. నకిలీ నాణెం అంటగట్టి, అడిగితే మొహం చాటేసినవాడికి నెగటివ్ ఇవ్వాల్సిందే, అందులో దయా దాక్షిణ్యం అక్కర్లేదు.

ఏది ఇవ్వాలో తేల్చుకోవడానికి తొందరేం లేదు, ఫీడ్‌బ్యాక్‌కు 60 రోజుల గడువుంది. వస్తువు చెప్పినట్టు లేదని రిటర్న్ అడగడానికి మాత్రం 30 రోజులే, కాబట్టి ముందు మెసేజ్ పెట్టి ఫొటోలు పంపండి. 'ఇది చేయకపోతే నెగటివ్ పెడతా' అని మాత్రం రాయకండి, లిస్టింగ్‌లో లేనిదాని కోసం అలా బెదిరించడం రూల్స్‌కు విరుద్ధం, అప్పుడు తప్పు మీవైపుకు వస్తుంది.

అన్నట్టు, తప్పు మనదే అయిన సందర్భాలూ ఉంటాయి. పోయినేడాది రాగి నాణేల గుత్తి ఒకటి కొన్నాను, ఫొటోలో అరిగిపోయినవి అరిగిపోయినట్టే ఉన్నాయి, 'ఉన్నవి ఉన్నట్టే' అని కింద రాశాడు కూడా. అవతల ఇంకెవడో పోటీకి వస్తున్నాడని నేను పంతానికి పోయి రెట్టింపు పెట్టాను. వేలంవెర్రి అనే మాట మనకు ఊరికే రాలేదు. పార్సెల్ చూసి ఏడుపొచ్చింది, అయినా అమ్మినవాడికి పాజిటివ్ ఇచ్చాను, అతను చేసిన తప్పేముంది? పోస్టు ఆలస్యమైనా అంతే, అతను మర్నాడే పంపిన పార్సెల్ దారిలో వారం నిద్రపోతే దానికి అతన్ని తిట్టడం దేనికి.

రూపాయి సంగతికొస్తే, అంచు ఫొటోలు మూడు పెట్టి 'టంకం మచ్చ గురించి లిస్టింగ్‌లో లేదు, మీరు గమనించారా?' అని అడిగాను. ఏదో ఇల్లు ఖాళీ చేస్తుంటే దొరికిన డబ్బాలోది అట, మెరిస్తే బాగుంటుందని తనే తోమాడట, నాణేల సంగతి తనకు తెలియదన్నాడు. 'ఎవరూ ముట్టుకోని' అని మరి ఎలా రాశావయ్యా అంటే దానికి జవాబు లేదు. కానీ రిటర్న్‌కు వెంటనే ఒప్పుకున్నాడు, పోస్టు ఖర్చు కూడా పెట్టుకున్నాడు, వస్తువు చేరిన రెండు రోజులకే డబ్బు వాపసు వచ్చింది. న్యూట్రల్ ఇచ్చి ఇలా రాశాను: 'నాణెం అసలుదే. పాలిష్ చేశారు, పై అంచున టంకం మచ్చ ఉంది, రెండూ లిస్టింగ్‌లో లేవు. అడిగాక గొడవ లేకుండా డబ్బు తిరిగిచ్చారు.'

మూడు వారాలకు అదే రూపాయి మళ్లీ పాటకొచ్చింది. ఈసారి ఫొటోలు ఆరు, అందులో ఒకటి అంచుదే, తోమిన సంగతి మొదటి లైన్‌లోనే రాశాడు. 19 డాలర్ల దగ్గర పాట ఆగింది. నేను చూస్తూ కూర్చున్నానే గానీ పాడలేదు.